కళ్లజోళ్ల దుకాణంలో చదరంగం

“ఆటకట్టు మామయ్యగారూ,” అన్నాడు చిన్నల్లుడు, గుర్రాన్ని మెల్లగా గడిలో దించి.

కళ్లజోళ్ల దుకాణం షట్టరు సగం దించి ఉంది. కౌంటరు మీది ఫ్రేముల పెట్టెలు ఒక పక్కకు నెట్టేసి, మధ్యలో చదరంగం బల్ల పరిచారు. మామగారు పావుల వంక ఒక నిమిషం గుడ్లప్పగించి చూశారు. తరవాత, ఓడింది తను కానట్టు పకపకా నవ్వారు.

“బుర్రంటే ఇదీ. ఈ ఆట ఆడగలిగినవాడు ఏ పనైనా చెయ్యగలడు.”

పక్కనే అద్దాలు తుడుస్తున్న పెద్దల్లుడికి ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్లుగా ఈ కౌంటరులో నిలబడి కాళ్లు అరగదీసుకుంటున్నది తను. నిన్నగాక మొన్న వచ్చి, వెనక గదిలో కస్టమర్ల కళ్లు పరీక్ష చేసే తోడల్లుడికి మాత్రం బుర్ర ఉందట.

“వచ్చే ఒకటో తారీఖు నుంచి నేను దుకాణానికి రాను,” అన్నారు మామగారు. “తాళాలు మీ ఇద్దరిలో ఒకరికి ఇచ్చేస్తాను. ఇంట్లో కూర్చుంటే పొద్దెలా పోతుందా అని, అదొక్కటే నా బెంగ.”

తాళాలు ఎవరికో ఆయన చెప్పలేదు. చూపు మాత్రం చిన్నల్లుడి మీదే ఉంది. పెద్దల్లుడు తుడిచిన అద్దాన్నే మూడోసారి తుడిచాడు.

ఇంటికెళ్లగానే భార్య ముందు కక్కేశాడు. “చదరంగానికీ తెలివికీ ఏంటి సంబంధం? చెక్కముక్కలు అటూ ఇటూ జరిపితే తెలివైనవాడా?”

“అయితే మీరూ జరపండి,” అందావిడ బట్టలు మడతపెడుతూ. “మా చెల్లెలి మొగుడికి వచ్చింది మీకు రాకుండా పోతుందా?”

ఆ రాత్రి పెద్దల్లుడికి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్న కౌంటరు మీద ఒక పాత పుస్తకం కనిపించింది. చదరంగం నేర్పే పుస్తకం. అట్ట లోపల చిన్నల్లుడి పేరు. పెద్దల్లుడు వెనక గది వైపు ఒకసారి చూసి, పుస్తకాన్ని టక్కున సొరుగులోకి తోసేశాడు.

కాసేపటికి చిన్నల్లుడు బయటికొచ్చాడు. “అన్నయ్యా, ఇక్కడ నా పుస్తకమేమైనా చూశారా?”

“ఏ పుస్తకం?”

“ఏం లేదులెండి.”

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పెద్దల్లుడు పుస్తకం తెరిచాడు. అచ్చు చీమలు పాకినట్టుంది. చెయ్యి ఎంత చాచి పట్టుకున్నా అలికినట్టే కనిపించింది. రోజంతా ఊరందరికీ కళ్లజోళ్లు అమ్మేవాడే కానీ, తను పెట్టుకోవాలంటే నామోషీ. ముసలివాణ్ణయిపోయానని తోడల్లుడి ముందు ఒప్పుకున్నట్టు అవదూ మరి.

అయితే ప్రతి పేజీ పక్కనా పెన్సిలుతో, బడిపిల్లల పలక మీద రాసినట్టు పెద్దగా, గుండ్రటి రాతలున్నాయి. ‘మామయ్యగారు మంత్రిని తొందరపడి బయటికి తెస్తారు. గుర్రంతో తరమాలి.’ ‘ఎడమ పక్క బంట్ల మీద ఆయనకు ధ్యాస ఉండదు. అటునుంచి వెళ్లాలి.’

పెద్దల్లుడు పొంగిపోయాడు. గుట్టంతా రాసిపెట్టి నా కౌంటరు మీదే పారేసుకున్నాడు, వీడికా బుర్ర, అనుకున్నాడు.

ఇక అతనికి అదే లోకమైంది. తల కౌంటరు కిందా, చేతులు కౌంటరు పైనా. ఒకరోజు దర్జీ కళ్లజోడు టీచరమ్మకు ఇచ్చి, టీచరమ్మది దర్జీకి చుట్టి ఇచ్చేశాడు. ఇద్దరూ కయ్యానికొస్తే, చిన్నల్లుడు వెనక గదిలోంచి వచ్చి ఎవరివి వాళ్లకు మార్చి, నవ్వించి పంపాడు. అది చూసీ పెద్దల్లుడికి మంటే. వీడికి ఈ పెత్తనమెందుకని.

సాయంత్రాలు చిన్నల్లుడు ఆటకు రావడం తగ్గించేశాడు. “వెనకాల పనుంది మామయ్యగారూ, అన్నయ్యతో ఆడండి,” అనేవాడు.

‘భయం పట్టుకుంది వెధవకి,’ అని పెద్దల్లుడు లోలోపల చంకలు గుద్దుకున్నాడు. మొదటి వారం వరసగా ఓడాడు. తరవాత ఆటలు గంటలకొద్దీ సాగాయి. నెలాఖరుకి మామగారిని మూడు సాయంత్రాలు వరసగా ఓడించాడు.

చివరి రోజున, అక్కచెల్లెళ్లిద్దరినీ కూడా దుకాణానికి రప్పించి, తోడల్లుణ్ణి పిలిచాడు. “రా తమ్ముడూ. తేల్చుకుందాం.”

పాతిక ఎత్తులు కూడా పట్టలేదు.

“ఆటకట్టు,” అన్నాడు పెద్దల్లుడు. ఆ మాట అనడానికే పుట్టినట్టుంది అతని మొహం. ఎదుటివాడి కళ్లు చెమ్మగిల్లాయేమోనని వంగి మరీ చూశాడు. చిన్నల్లుడు పావులు సర్దుతున్నాడు.

మామగారు లేచి పెద్దల్లుణ్ణి కావలించుకున్నారు. “ఇంత ఆటగాణ్ణి ఎనిమిదేళ్లు ఎదురుగా పెట్టుకుని పోల్చుకోలేకపోయాను కదయ్యా.” జేబులోంచి తాళాల గుత్తి తీశారు. పెద్దల్లుడు చెయ్యి చాచాడు. గుత్తి ఆ చేతిని దాటిపోయి చిన్నల్లుడి చేతిలో పడింది.

“గెలిచింది నేను కదా మామయ్యగారూ,” అన్నాడు పెద్దల్లుడు.

“అందుకేగా. నువ్వు దుకాణంలో కూర్చుంటే పొద్దస్తమానం నాతో ఆడేదెవరు? నీ జీతం నీకొస్తుందిలే. రేపు తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చెయ్.”

ఆయన ఆడపిల్లలతో కలిసి బయటికి నడిచారు. చిన్నల్లుడు సొరుగు లాగి, అడుగున ఉన్న తన పుస్తకాన్ని, ఎక్కడుందో ముందే తెలిసినవాడిలా, బయటికి తీశాడు.

“నా రాత బాగా కనిపించిందా అన్నయ్యా?” అన్నాడు మర్యాదగా. “అచ్చు మీకు ఆనదని, కాస్త పెద్ద అక్షరాలతో రాశాను.”