పిన్నీసు మహిమ

రూటర్ మీద ఎర్ర దీపం వెలిగింది.

శ్రీవాణి ఇంటర్వ్యూకి ఇంకా పావుగంటే ఉంది. రెండేళ్లుగా ఎదురుచూసిన ఉద్యోగం. ఫోన్‌లో కానిచ్చేద్దామంటే, సఖినేటిపల్లిలో వాళ్ల తోటలోకి సిగ్నల్ ఒక్క గీత మించి రాదు. మాటలకి సరిపోతుంది, వీడియోకి చాలదు.

"రీసెట్ చెయ్యండి నాన్నగారూ," అంది.

దొరబాబు పిన్నీసు విప్పి రూటర్ వెనక ఉన్న కన్నంలో గుచ్చాడు. దీపం ఎర్రగానే ఉంది. ఫోన్‌లో కస్టమర్ కేర్ అమ్మాయి గట్టిగా నొక్కమంది. నొక్కాడు. నెమ్మదిగా నొక్కమంది. అదీ చేశాడు.

ఉన్నట్టుండి దీపం పచ్చబడింది.

"వచ్చింది," అని శ్రీవాణి వీధిలోకి వినబడేలా అరిచింది.

అంతలోనే మళ్లీ ఎర్రబడింది.

"పోయింది," అంది, అంతకంటే గట్టిగా.

దొరబాబు పిన్నీసుని కొంచెం ఎడమవైపుకి తిప్పాడు. దీపం పచ్చబడింది. ఈసారి నిలబడింది. పిన్నీసు తీసేసినా నిలబడింది.

"చూశావా? కిటుకంతా ఎడమవైపే ఉంది," అన్నాడు.

ఇంటర్వ్యూ మొదలైంది. దొరబాబు చప్పుడు చెయ్యకుండా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

కంచె అవతల, అరటాకుల మధ్య ఒక తలా, ఒక భుజమూ కనిపించాయి. ఎవరో కుర్రాడు. మొహం పైకెత్తి చూస్తున్నాడు. కొబ్బరి బేరగాడు గెలలు లెక్కపెట్టుకుంటున్నాడని దొరబాబు అనుకున్నాడు. కాసేపట్లో పోతాడులే అని ఊరుకున్నాడు.

అరగంట గడిచినా పోలేదు.

ఇంటర్వ్యూ చివరికొచ్చింది. ఈ సమయంలో బేరం మొదలెట్టాడంటే గోల. దొరబాబు అరుగు దిగకుండానే గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం కావాలండీ?"

కుర్రాడు తల తిప్పాడు. చెమటలు కారుతున్నాయి.

"ఏం లేదండి. లోపల పనైపోయిందాండి?"

మా ఇంట్లో పనితో ఇతనికేం పని అనుకున్నాడు దొరబాబు. వదిలించుకుంటే చాలనిపించింది.

"ఆయ్, అయిపోయింది. ఇక తమరు దయచెయ్యండి."

"వెళ్లిపోమంటారా?"

"శుభ్రంగా వెళ్లండి."

కుర్రాడు నవ్వి, బండి తీసుకుని వెళ్లిపోయాడు.

లోపలినుంచి "పోయింది" అని శ్రీవాణి గొంతు వినిపించింది. దీపం ఎర్రబడింది. ఆఖరి ప్రశ్నకి జవాబు సగంలో ఉంది.

దొరబాబు లోపలికి పరిగెత్తి, పిన్నీసు మళ్లీ గుచ్చి ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు. పిన్నీసు వంగింది. దీపం మారలేదు.

మధ్యాహ్నం ఆ కంపెనీవాళ్లే ఫోన్ చేశారు. మిగిలిన సగం జవాబూ విని, వచ్చే నెల చేరమన్నారు. దొరబాబు వీధంతా మిఠాయి పంచాడు. పిన్నీసు ఎలా తిప్పాలో కూడా చెప్పాడు.

సాయంత్రం కేబుల్ సతీష్ నిచ్చెన తెచ్చుకుని కంచె పక్కన ఎక్కాడు. దొరబాబు కింద నిలబడి ఉండగా పక్కింటి నాగమణి వచ్చింది. మిఠాయి తీసుకుంది గానీ మొహంలో నవ్వు లేదు. ఆవేళ పొద్దున వాళ్ల లక్ష్మీతులసికి పెళ్లిచూపులు.

"కుదర్లేదండి బాబయ్యగారూ," అంది. "నర్సాపురంనించి పెద్దలు ముందే వచ్చేరు. పెళ్లికొడుకు అరగంట ఆలస్యంగా వచ్చేడు. అదేంటంటే, దారిలో చిన్న పని తగిలిందన్నాడు. కాఫీ గ్లాసు అందుకుంటే చెయ్యి ఒకటే వణుకు. సగం చొక్కా మీద పోసుకున్నాడు. పిల్లకి నచ్చేడు. కానీ ఈ వయసులోనే వణుకుడు రోగం ఉన్నోడికి ఎలా ఇస్తామండి? వద్దని కబురు పంపేశాం."

దొరబాబు అయ్యో అన్నాడు.

పైనించి సతీష్ ఒక పచ్చి కొబ్బరిమట్టని కోసి కింద పడేశాడు.

"రూటర్ తప్పేం లేదండి. ఈ మట్ట విరిగి వైరుకి మెలేసుకుంది. వైరు మడతపడితే లైను పోద్ది. దారికడ్డంగా వేలాడుతోందని ఎవరో పైకెత్తినట్టున్నారు. ఎత్తితే వస్తాది, వదిలితే పోద్ది. మా ఆఫీసులో చూశాను, పొద్దున అరగంట సేపు మీ లైను బాగానే ఉంది. అంతసేపూ ఇంత బరువూ ఆయన చేత్తో ఎత్తిపట్టుకునే ఉన్నారండి."

దొరబాబు కాసేపు మట్ట వంక చూశాడు. తర్వాత అరటాకుల వంక చూశాడు.

"ఆ నర్సాపురం పెళ్లివారి నంబరు ఇలా ఇయ్యమ్మా నాగమణీ," అన్నాడు. "అది రోగం కాదు, మా శ్రీవాణి ఉద్యోగం."