గడియ ఎత్తు

"టేపు వద్దమ్మా. మనిషిని నిలబెట్టండి," అన్నాడు వడ్రంగి మేస్త్రి, ఆ ఇంటి కోడలితో.

ఆయన పద్ధతే అంత. పని చేసేవాళ్ళ నడుముకి బల్ల. కూర్చునేవాళ్ళ మోకాలికి పీట. ఎవరికి అందకూడదో వాళ్ళు చెయ్యెత్తితే, ఆ వేళ్ళకి జానెడు పైన గడియ.

"టేపుకి నడుంనొప్పి రాదు కదా, దానికేం తెలుస్తుంది!" అంటాడు.

పెరట్లో ఉన్న పాత సిమెంటు తొట్టిలో చేపలు వేస్తున్నారు. దాని పక్కన కాళ్ళమీద నాలుగు చెక్కపెట్టెలు వస్తాయి. వాటి నిండా కంకర, కంకరలో మొక్కలు. చేపలున్న నీళ్ళని మోటారు పైకి తోడుతుంది. మొక్కలు తాగగా మిగిలినవి మళ్ళీ తొట్టిలోకి దిగుతాయి. ఇదంతా ఆమె భర్త ఫోనులో చూసి నేర్చుకున్నాడు.

"ఆ తొట్టి పగలగొట్టిస్తే పీడా పోయేది కదండీ," అంది ఆమె. "ఇంట్లో పాకే పిల్ల ఉంది."

"పగలగొడితే చేపలకీ మొక్కలకీ నీళ్ళెక్కణ్ణుంచి తెస్తాం? చుట్టూ ఇనపవల కట్టిస్తున్నా. దానికో తలుపు. చీమ కూడా దూరదు, సరేనా?"

సరే అంది గానీ, గుండె సరే అనలేదు.

అప్పుడు పాపకి మూడోనెల. ఒక మధ్యాహ్నం పాప ఆ తొట్టినీళ్ళలో ఉంది. వేళకి తీశారు కాబట్టి దక్కింది. నీళ్ళలో ఎవరు వదిలారో మాత్రం ఇవాళ్టికీ ఎవరూ చెప్పరు. అడిగితే అత్తయ్య నేల చూస్తుంది. భర్త గోడ చూస్తాడు.

ఆమెకి గుర్తున్నదల్లా ఒక చెయ్యి. గాజుల చెయ్యి. పాప వీపు కింద ఉన్నట్టే ఉండి, మెల్లగా పక్కకి తప్పుకున్న చెయ్యి.

అత్తయ్యవీ అలాంటి గాజులే.

పైకి అనలేదు. పెద్దావిడకి మతిమరుపు అని సర్దుకుంది. పొయ్యిమీద పాలు పెట్టి పొంగించే మనిషి. పాలు పొంగితే తుడుచుకోవచ్చు. పిల్ల సంగతి?

అప్పట్నుంచీ కళ్ళలో వత్తులేసుకుని కాపలా కాస్తోంది. కానీ అత్తయ్య పాపని వదిలితేగా! స్నానం తనే పోస్తుంది. పక్కలో తనే వేసుకుంటుంది. పెరటితలుపు పైన ఈమధ్యే ఒక గంట కూడా కట్టింది.

"ఇదెందుకత్తయ్యా?"

"పాప తలుపు తీస్తే మోగుతుందే."

పాకే పిల్ల తలుపెలా తీస్తుంది? మతిమరుపుకి చాదస్తం తోడు.

పైగా రోజూ బలానికని ఒక బిళ్ళ ఇస్తుంది. మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. ఆనక నోరు తెరవమంటుంది.

"నేనేమైనా చంటిపిల్లనా అత్తయ్యా?"

"నాకు నువ్వూ ఒకటి, అదీ ఒకటి," అంటుంది అత్తయ్య. నవ్వుతూ అనదు.

"పెట్టెలు ఎవరి నడుముకమ్మా?" అడిగాడు మేస్త్రి.

"నా నడుముకే పెట్టండి. మొక్కలు చూసుకునేది నేనేగా."

మేస్త్రి చేతిలో రంపం ఆగింది.

"వాడి నడుముకి పెట్టు మేస్త్రీ," అంది అత్తయ్య, కొడుకుని గడ్డంతో చూపిస్తూ.

కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. ఆమె గొంతు దాకా వచ్చిన మాట మింగేసింది. బిళ్ళ మింగినంత తేలిగ్గా దిగలేదు.

నాలుగోరోజుకి పెట్టెలు లేచాయి. భర్త కంకర కడిగి నింపాడు. మోటారు వేశాడు. మొదటి పెట్టెలో నీళ్ళు సడి లేకుండా పైకొచ్చి, నిండీ నిండగానే గొట్టంలోంచి ఒక్కసారిగా తొట్టిలోకి దిగిపోయాయి.

గుటగుటగుట. చివర్న, గొంతుకి అడ్డం పడ్డట్టు ఒక్క ఎక్కిలి.

ఆమె చెవులు మూసుకుంది.

"ఎవరో నీళ్ళు మింగుతున్నట్టుందండీ."

"గొట్టం చప్పుడే. పావుగంటకోసారి వస్తుంది. అలా ఖాళీ అయితేనే వేళ్ళు కుళ్ళవు."

పావుగంటకోసారి! ఆమె తొట్టిలోకి తొంగి చూసింది. నీళ్ళమీద గాజులు తళుక్కుమన్నాయి. ఉలిక్కిపడి వెనక్కి వచ్చేసింది. తిరిగి చూస్తే అత్తయ్య వెనకే ఉంది. ఎప్పుడొచ్చిందో!

"మేస్త్రిగారూ, తలుపు ఇవాళే పెట్టేస్తారు కదూ?"

"పెట్టేశానమ్మా. గడియ ఒక్కటే మిగిలింది. ఎవరికి అందకూడదో తీసుకొచ్చి నిలబెట్టండి."

ఆమెకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో! లోపలికి పరిగెత్తి పాపని ఎత్తుకొచ్చింది. చంకల కింద పట్టుకుని తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టింది. పిడికిలి విప్పి, చిట్టిచెయ్యి పైకి చాచింది.

"ఇదిగో, మా ఇంటి దొంగ!"

మేస్త్రి వంగి, తన నడుముకి కాస్త కింద పెన్సిలుతో గీత గీశాడు.

"అంత కిందకా? వచ్చే ఏడాదికి ఎదుగుతుంది. ఇంకా పైకి పెట్టండి. నా ప్రాణం కుదుటపడాలి," అంది ఆమె. "ఎంత పైకైనా పర్లేదు. అందకూడదు, అంతే."

అత్తయ్య వచ్చి పాపని ఆమె చేతుల్లోంచి మెల్లగా తీసుకుంది. తీసుకుంటూ మేస్త్రి వైపు చూసింది. భర్త గోడవైపు తిరిగాడు. వెనక గొట్టం మళ్ళీ గుటకలు వేసింది.

మేస్త్రి ఆ గీతని బొటనవేలితో చెరిపేసి, లేచి నిలబడి, ఆమె ముఖంలోకి చూడకుండా, "ఇప్పుడు మీరు చెయ్యెత్తండమ్మా," అన్నాడు.