ముప్పై రెండో ప్రశ్న

“ఇక్కడ వద్దు. ఇంటికెళ్దాం పదండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, గుర్రపు స్వారీ బడి గేటు గడియను మూడోసారి ఊపి చూసి. “గడియే ఇంత వదులుగా ఉంటే, లోపల ఇంకెలా ఉంటుందో!”

ఆయన ఉద్యోగం లిఫ్టులు తనిఖీ చేయడం. తీగ, బోల్టు, బ్రేకు అన్నీ తడిమి చూసి, కాగితం మూడుసార్లు చదివితే గానీ సంతకం పెట్టడు. ఆరేళ్ళ కూతురు గుర్రం ఎక్కుతానని ప్రాణం తీస్తుంటే, ముప్పై రెండు ప్రశ్నలు రాసుకుని ఒక్కో బడినీ వడపోస్తున్నాడు. ఇప్పటికి మూడు బడులు ఫెయిలయ్యాయి. ఊళ్ళో ఇక మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే బుజ్జికి చెక్క గుర్రమే గతి.

“ఏవండీ, ఒక్కసారి దాని మొహం చూడండి,” అంది భార్య.

చూశాడు. బుజ్జి కళ్ళ నిండా నీళ్ళు. ఒక్క చుక్క కూడా కింద పడనివ్వకుండా పెదవి బిగించి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుని, ప్రశ్నల అట్ట చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు.

స్వారీ నేర్పే మేడమ్ తల నెరిసిన మనిషి. బూట్ల నిండా గడ్డిపరకలు.

“హెల్మెట్లు ఎప్పుడు మారుస్తారు?”

“దెబ్బ తగిలితే ఆ రోజే, సార్.”

“పిల్లలెక్కే గుర్రం వయసెంత?”

“ఇరవై రెండు. మేమంతా అమ్మమ్మ అంటాం. పరిగెత్తమని బతిమాలినా పరిగెత్తదు.”

“కంచె ఎత్తు?”

“కొలుచుకోండి.”

కొలిచాడు. జేబులో టేపు లేకుండా గడప దాటే మనిషి కాదు. గోడకి తగిలించిన జీను పట్టీలు లాగి చూశాడు. చేరిక కాగితం ఖాళీది అడిగి తీసుకుని, మూడుసార్లు చదివాడు.

“పేర్లకి రెండు గళ్ళెందుకు?”

“అక్కాచెల్లెళ్ళో, అన్నదమ్ములో కలిసి చేరుతుంటారు. ఒక్కరే అయితే రెండోది వదిలేయండి.”

“చేరాక మూడు నెలలూ మానకూడదు అన్నారు. ఇది నాకు నచ్చింది. సంతకం పెట్టి వెనక్కి తగ్గేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.” కాగితం భార్యకిచ్చాడు. “నువ్వు పూర్తి చేస్తుండు. ఇంకొక్క ప్రశ్నే ఉంది. మేడమ్, ఈ గుర్రం స్వభావం ఎలాంటిది?”

“నన్నడిగితే ఏం చెప్తాను? దాన్నే అడగండి,” అంటూ మేడమ్ అమ్మమ్మను బయటికి తీసుకొచ్చింది. “పిల్లని తెచ్చినవాళ్ళు ముందు గుర్రాన్ని ముట్టుకోవాలి. పెద్దవాళ్ళు బెదిరితే పిల్లలు బెదురుతారు, వాళ్ళు బెదిరితే గుర్రం బెదురుతుంది. నేను పెట్టుకున్న నియమం ఇదొక్కటే.”

భార్య వెళ్ళి మెడ నిమిరి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కదల్లేదు.

“నా చేతులకి గ్రీజు వాసన, మేడమ్. దానికి పడదేమో.”

“దానికి అన్నీ పడతాయి. రండి.”

ఇరవయ్యో అంతస్తులో లిఫ్టు నెత్తిన నిలబడి తాపీగా టీ తాగే మనిషికి, ఇక్కడ మట్టినేల మీద కాళ్ళు ఆడలేదు. ఇంతసేపూ బడి మొత్తం కొలిచాడు గానీ, గుర్రానికి పదడుగుల దగ్గరికి కూడా రాలేదు. ఆ సంగతి బుజ్జి ఎప్పుడో కనిపెట్టింది.

“దగ్గరికెళ్ళకపోతే చేర్చుకోరా?” అనడిగింది మేడమ్‌ని, మెల్లిగా.

“చేర్చుకోనమ్మా.”

బుజ్జి ఒక్క క్షణం ఆలోచించింది. మేడమ్‌తో పాటు తనూ తాడు పట్టుకుని, అమ్మమ్మను నాన్న వైపు నడిపించింది. ఆయన వెనక్కి అడుగేశాడు. ఇంకో అడుగేశాడు. ఇందాక తను కొలిచిన కంచే వీపుకు తగిలింది.

“నాన్నా, లిఫ్టులో నాకు భయమేస్తే నువ్వేం చెప్తావు?”

ఆయన కంచెకి ఇంకా అతుక్కుపోయాడు.

“నా చెయ్యి పట్టుకో, కళ్ళు మూసుకోకు, మెల్లిగా ఊపిరి పీల్చు అంటావు కదా? ఇప్పుడూ అంతే.” చెయ్యి చాపింది.

ఆయన పట్టుకున్నాడు. బుజ్జి ఆ పెద్ద చేతిని తీసుకెళ్ళి అమ్మమ్మ మెడ మీద ఆనించింది. వెచ్చగా ఉంది. అమ్మమ్మ తల వంచి ఆయన చొక్కా వాసన చూసి, ఫుర్రుమని ఊపిరి వదిలింది. ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడ్డాడు, ఆ వెంటనే నవ్వాడు. చిన్నపిల్లాడిలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి భార్యే ఆశ్చర్యపోయింది.

“ఒసేయ్, ఇటు రా! ఇది నా మాట వింటోంది! చెవులు చూడు, నావైపే తిప్పింది!”

బుజ్జి ఆ మొహం వైపు రెప్పవేయకుండా చూసింది. తర్వాత అమ్మ కూర్చున్న బెంచీ దగ్గరికి ఒకటే పరుగు. “అమ్మా, పెన్నివ్వు! నేనూ రాస్తా!”

“నీ పేరు రాసేశాను కదే!”

“అయినా రాస్తా!”

కాసేపటికి కాగితం తెచ్చి నాన్న ముందు పెట్టింది. ఇన్‌స్పెక్టర్ ఒక చెయ్యి గుర్రం మెడ మీదే ఉంచి, చూపు కూడా అటే ఉంచి, రెండో చేత్తో బరబరా సంతకం గీకేశాడు.

“చదవరా సార్?” అంది మేడమ్.

“ఇందాకే మూడుసార్లు చదివాను కదండీ!”

మేడమ్ కాగితం అందుకుని చూసింది. నవ్వు ఆపుకుంది.

“ఆదివారం పొద్దున్నే ఏడింటికి. మూడు నెలలూ మానడానికి లేదు, గుర్తుంది కదా?”

“సంతకం పెట్టాక వెనక్కి తగ్గే రకం కాదండీ నేను.”

“మంచిది. మీ తలకి సరిపోయే హెల్మెట్ తీసి ఉంచుతాను.”

“నా తలకా?”

మేడమ్ కాగితం ఆయన వైపు తిప్పింది. మొదటి గడిలో భార్య గుండ్రటి దస్తూరీ. రెండో గడిలో, గీత దాటి పైకెక్కిన వంకర టింకర అక్షరాలు: నాన్న.