మీరు, నువ్వు

నా భార్య దేవుణ్ణి ‘నువ్వు’ అంటుంది. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా నన్ను మాత్రం ‘మీరు’ అంటుంది.

లేనేలేడని నేననే వాడి మీద నాకెందుకింత కడుపుమంట!

రోజూ పొద్దున్నే ఆమె పక్కగదిలో గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, పైకే ప్రార్థించుకుంటుంది. ఆ పలచటి గోడకి ఇవతల నేను గడియారాలు బాగుచేస్తుంటాను. ఆమె లేచేదాకా ఒక్క అలారం కూడా మోగనివ్వను. నన్ను దణ్ణం పెట్టమని ఆమె ఏనాడూ అడగలేదు. మా ఒప్పందం అది.

ఇవాళ ఆమె మాట స్పష్టంగా వినబడింది.

“నిన్నంతా నాతో సరిగ్గా మాట్లాడనేలేదు నువ్వు. అలిగావా?”

చేతిలోని గడియారం ముల్లు జారి ఎటో పడిపోయింది. విసురుగా గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

“ఆయనతో అంత చనువేంటి? నన్ను ఒక్కసారైనా అలా పిలిచావా?”

ఆమె కళ్ళు తెరవలేదు.

“మీ మొహం చూస్తే నోరు రాదండీ. అందుకే గోడకి చెబుతున్నాను. సగం ఆయనకి, సగం మీకు.”

“ఇందాకటిది ఎవరికి?”

“దేవుడెక్కడైనా అలుగుతాడా?”