ధరకు ఫోన్ చేయండి

"ధర మాత్రం పెట్టమాక అబ్బాయ్" అన్నాడు యలమందయ్య, కంప్యూటర్ తెర మీదున్న తన ఎద్దుల ఫొటో కేసి చూస్తూ.

చిలకలూరిపేట బస్టాండ్ వెనక అనీస్ నడిపే ఇంటర్నెట్ సెంటర్ అది. రెండువేల ఆరులో ఆ సెంటర్‌కి వచ్చేవాళ్లంతా పరీక్షల ఫలితాలు చూసుకుని పోయేవాళ్లే. ఆ రాబడి ఏ మూలకు? అందుకని అనీస్ పశువులు అమ్ముకునే రైతుల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టాడు. ఫొటో, ధర, ఫోన్ నంబరు ఉంటే చాలు, సంతకు తోలుకెళ్లే బాధ ఉండదు.

"ధర లేకుండా ఎవరు కొంటారు బాబాయ్?"

"పిచ్చోడా! ధర పెడితే చూసి పోతారు. పెట్టకపోతే ఫోన్ చేస్తారు. ఇన్నేళ్లు పశువుల బేరాలు చేసినోణ్ణి, నాకు చెబుతావా? సంతలో ధర ఎవడన్నా అరిచి చెబుతాడా? కండువా కింద చెయ్యి పట్టుకుని, వేళ్లు నొక్కి చెబుతాం. పక్కనోడికి కూడా తెలవదు."

"కంప్యూటర్లో కండువా ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"అందుకే ఫోన్ చెయ్యమను."

అనీస్ నవ్వుకుని, ఫొటో కింద 'ధరకు ఫోన్ చేయండి' అని కొట్టాడు. ఫొటోలో రెండు ఒంగోలు ఎద్దులు. వాటికి బొట్టు పెడుతూ యలమందయ్య భార్య గురవమ్మ. ఆవిడ పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు.

"పిన్నిని కత్తిరించి ఎద్దులు మాత్రమే పెట్టనా?"

"ఆవిణ్ణి తియ్యమాక" అన్నాడు యలమందయ్య, గట్టిగా.

ఆ కిటుకు పనిచేసింది. యలమందయ్యకు ఫోన్లే ఫోన్లు! పేట వచ్చినప్పుడల్లా సెంటర్లోకి దూరి ఆ కబుర్లు ఏకరువు పెట్టేవాడు. "నిన్న అనంతపురం నుంచి ఒకాయన చేశాడ్రా. ఎంత మర్యాదస్తుడో! కూతురి పెళ్లి కుదిరిందంట, అదంతా చెప్పాడు." అది చూసి అనీస్ మిగతా రైతుల ఫొటోల కింద కూడా ధరలు పీకేశాడు. నిజంగానే ఫోన్లు పెరిగాయి, బేరాలు తెగాయి. ఆ సైట్‌లో పాడి గేదెలు అమ్ముడయ్యాయి, కోడెదూడలు అమ్ముడయ్యాయి. యలమందయ్య ఎద్దులు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

తొలకరికి ముందు కనిగిరి నుంచి జోసఫ్ అనే రైతు బస్సు దిగి నేరుగా సెంటర్‌కొచ్చాడు. మనిషి మండిపోతున్నాడు.

"ఏం యాపారమయ్యా నీది? ఆ ఎద్దులాయనకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో! ధర అడిగితే వాటి మేత సంగతి చెబుతాడు. మళ్లీ అడిగితే వాళ్లావిడ వాటికి పెట్టిన పేర్లు చెబుతాడు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా అంటాడు. సరే, నేనే వచ్చి చూస్తానంటే ఊళ్లో ఉండనంటాడు. దుక్కి ఆగిపోయి నేను ఏడుస్తుంటే ఈ సరసాలేంటి?"

అనీస్‌కి తల కొట్టేసినట్టయింది. జోసఫ్ ఎదుటే యలమందయ్యకు ఫోన్ కలిపాడు.

"బాబాయ్, ధర చెప్పు. లేదంటే రేపు ఫొటో తీసేస్తా. నీ మూలంగా నాకు చెడ్డపేరొస్తోంది."



"తియ్యమాకరా, నీకు పుణ్యముంటది" అన్నాడు యలమందయ్య. "అది తీసేస్తే నా ఫోన్ ఇంక మోగదు. మీ పిన్ని పోయిన కాణ్ణుంచి ఈ ఇంట్లో అన్నం తిన్నావా అని అడిగే దిక్కు లేదు. నాకు మిగిలింది ఆ ఎద్దులేరా."

అనీస్ ఫోన్ పెట్టేశాడు. జోసఫ్‌ని వేరే రైతు దగ్గరికి పంపాడు గానీ, ఆ రాత్రంతా ఆ మాటలే గుర్తొచ్చాయి. ఎంత మొద్దు బుర్ర తనది! మనిషి ఎద్దుల్ని వదల్లేక ధర దాస్తుంటే, అదేదో వ్యాపార రహస్యమనుకుని ఊరందరికీ అంటించాడు. పాపం, అమ్మే మనసే లేనివాడు ధరేం చెబుతాడు?

మర్నాడు శుక్రవారం. నమాజు అవగానే అనీస్ యలమందయ్య ఊరికి బండి తీశాడు. చెప్పాల్సింది దారంతా అనుకుంటూనే ఉన్నాడు. "ఎద్దుల్ని అమ్మొద్దు బాబాయ్, హాయిగా నీ దగ్గరే ఉంచుకో. ఫొటో కూడా ఉండనీ. మాట్లాడే మనిషి కావాలంటే వారం వారం నేనొచ్చి కూర్చుంటా."

ఇంటి తలుపు తీసే ఉంది. లోపల పొయ్యి వెలిగించిన జాడ లేదు. పెరట్లో కొట్టం వైపు నుంచి మువ్వల చప్పుడు వినిపించింది. వెంటనే యలమందయ్య గొంతు, మంచి హుషారుగా.

"వినపడుతోందా బాబూ? ఇప్పుడే కుడితి తాగి మెడలూపుతున్నాయి. పెద్దదానికి కాస్త పొగరులే, మా ఆవిడ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ధరకేం తొందర, చెబుతాగా! మీ వైపు వానలు పడ్డాయా?"

నిన్న ఈ మనిషినేనా తను బెదిరించిందని అనీస్‌కి సిగ్గేసింది. కళ్లు తుడుచుకుని, కొట్టం తడిక పక్కకు జరిపాడు.

పేడ వాసన కూడా లేని ఖాళీ కొట్టంలో యలమందయ్య ఒక్కడే కూర్చుని, ఫోన్ దగ్గర ఎద్దు మెడలో కట్టే మువ్వల పట్టెడ చేత్తో ఊపుతున్నాడు.