సిరా మరకలు

మా ఆయన కూడబెట్టిన ఏటికొప్పాక లక్క సిపాయి బొమ్మలు నేను పోయాక కూతురు సరళకు దక్కాలంటే, విలువకట్టే యంత్రం వాటిని జాబితాలో ఎక్కించాలి. ఇప్పుడు ప్రతి ఇంటా అదే పద్ధతి. యాభై ఆరు బొమ్మలనూ బల్ల మీద నిలబెట్టాను. యంత్రం సన్నటి చేయి చాచి ఒక సిపాయిని తిరగేసింది.

"అన్నింటి అడుగునా సిరా మరకలు. తుడిస్తే విలువ రెట్టింపు. వారసురాలు వద్దనకపోతే పది లెక్కపెట్టి తుడుస్తాను. ఒకటి."

"వద్దు," అన్నాను. అది యజమాని మాట వినదు, వారసుల మాటే వింటుంది.

"తుడవనియ్యవే అమ్మా, మరకలే కదా," అంది సరళ.

"నాలుగు."

నా అరవయ్యో ఏట మా ఆయన ఒక్కో సిపాయి అడుగున ఒక్కో అక్షరం రాసి నాకు చదువు నేర్పారు. అప్పటికే అత్తవారింట ఉన్న సరళకు అది తెలియదు. గబగబా మూడు సిపాయిలను వెతికి, అడుగు కనిపించేలా సరళ ముందు పడుకోబెట్టాను. స, ర, ళ.

"నేను మొదట చదివింది ఇదేనే."

"తొమ్మిది."

"ఆపు," అంది సరళ, అరచేయి అడ్డుపెట్టి.

'మరకలున్నవి, విలువ సగం' అని యంత్రం కాగితం అచ్చువేసి, కింద నన్ను వేలిముద్ర వేయమంది.

సరళ వెళ్లి కలం తెచ్చింది.