మాడిన ఫ్యూజు

అన్నయ్య పోయాక ఇనపగుండుతో ఆడే ఆయన పిన్‌బాల్ మెషీన్ ముందు నిలబడటం ఇదే మొదటిసారి. కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు, ఓసారి సరిచూడమంది వదిన.

ఆరేళ్లుగా మా అన్నదమ్ములకు మాటల్లేవు. నేను ఎలక్ట్రీషియన్ని. మెషీన్‌కి కరెంటు రావడం లేదని నెలకోసారి వదినే ఫోన్ చేసేది. వెళ్తే ప్రతిసారీ మాడిపోయిన ఫ్యూజే. షార్టు ఎక్కడుందో వెతకలేక తల ప్రాణం తోకకొచ్చేది. మాడినదాన్ని మూలనున్న బుట్టలో పడేసి, కొత్తది వేసి, గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య మొహం కూడా చూడకుండా వచ్చేసేవాణ్ని.

ఇవాళ స్విచ్చి వేశాను. దీపాలన్నీ వెలిగాయి.

"నేను ఫ్యూజు మార్చి నాలుగు నెలలైంది. వాడకుండా ఉంచావా వదినా?"

"లేదయ్యా. రోజూ సాయంత్రం వెలిగించుకుని కాసేపు కూర్చుంటున్నాను."

అంటే ఇందులో షార్టే లేదు. నాకు అంతుపట్టలేదు.

వదిన లోపలికెళ్లి ఓ రేకు డబ్బా తెచ్చింది. "మీ అన్నయ్య సొరుగులో దొరికింది. నీ సామానేమో చూడు."

డబ్బా నిండా ఫ్యూజులు. నేను వేసే ప్రతిదానికీ పెట్టే ఎర్ర రంగు చుక్క అన్నిటిమీదా ఉంది. మీటరు పెడితే ఒక్కొక్కటీ కూత పెట్టింది. అడుగున ఒక్కటి మాత్రం నల్లగా, మూగగా ఉంది.

"అన్నీ పాడైపోయాయా?" అంది వదిన.

"లక్షణంగా ఉన్నాయి వదినా. మాడింది ఈ ఒక్కటే. ప్రతిసారీ బుట్టలోంచి దీన్నే ఏరి, మళ్లీ పెట్టి, నాకు ఫోన్ చేయించాడు."